ఎమిల్ వార్గా ఎందుకు ఓడలేదంటే

డెట్రాయిట్,
ఏప్రిల్ 9, 1986.

థర్లో మావయ్యకి,

క్షేమ సమాచారాలు తర్వాత. ఫోన్ చేస్తే నీకు వినపడదు. నీకు వినపడేలా అరిస్తే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. అందుకని రాస్తున్నాను.

బ్రేడన్ పేపర్లో పడ్డ ముక్క ఒకటి పాత చర్చి వాళ్ళెవరో అమ్మకి పంపారు. అందులో నీ ఫొటో ఉంది. టోపీ చేతిలో పట్టుకుని, ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా నవ్వుతున్నావు. 'ఓటమి ఎరుగని హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్, మన ఊరి బిడ్డ ఎమిల్ వార్గా కంచు విగ్రహాన్ని, బరిలో ఆయన కార్నర్‌లో, రౌండ్ల మధ్య ఆయన్ని చూసుకుంటూ చివరిదాకా నిలబడిన థర్లో పెట్‌వే జూన్ 14న ఆవిష్కరిస్తారు' అని రాశారు.

నువ్వా మావయ్యా?

విగ్రహం ఎక్కడ పెడుతున్నారో కూడా చదివాను. ఉక్కు మిల్లు గేటు ముందర. ఆ గేటు లోపల ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ తయారవదు. మిల్లుకి తాళం వేసి సగం ఊరిని వీధిలో పడేసిన కంపెనీయే కంచు కొనిపెట్టిందట. పని అడిగితే బొమ్మ ఇచ్చారన్నమాట. ఆ బొమ్మ మీద ముసుగు లాగడానికి నల్లవాడైతే బాగుంటుందనుకున్నారు. నువ్వు దొరికావు.

నీకు గుర్తు చేయాల్సి రావడమే నాకు సిగ్గుగా ఉంది. మా నాన్న ఎమిల్ వార్గాకి సాధనలో ఎదురు నిలబడిన మనిషి. చాంపియన్ కొత్త దెబ్బ ఏది నేర్చుకున్నా మొట్టమొదట అది పడింది నాన్న పక్కటెముకల మీద. అందుకు బదులుగా ఒక మాట ఇచ్చారు: 'నీ వంతు వస్తుంది హోసియా. టైటిల్ పోటీ నీకే.' ఆ వంతు రాలేదు. వార్గా దిగి వెళ్ళిపోయాడు, ఓటమి ఎరుగకుండా. నాన్న కొలిమి దగ్గర పనిచేస్తూ పోయాడు, గెలుపు ఎరుగకుండా. ఇప్పుడు నాన్న బావమరిదివి నువ్వే వెళ్ళి తాడు లాగుతావు.

అమ్మ కళ్ళు మరీ మసకబారాయి. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తున్నాను. ఈ పేపరు ముక్కా నేనే చదివాను. విని ఏమందో తెలుసా? "థర్ల్ పక్కన ముందు వరసలో కూర్చుంటాను. నా నీలం టోపీ ఏ పెట్టెలో ఉందో చూడు" అంది. ఈ ఇంట్లో నా పార్టీలో నేనొక్కదాన్నే ఉన్నాను.

పోను అని వాళ్ళకి చెప్పు. ఆ ఒక్కటీ చేస్తే చాలు.

ఇంకా నీ మేనకోడలినే అనుకుంటున్న
వెర్లీన్.

*

బ్రేడన్, ఒహాయో,
ఏప్రిల్ 17.

వెర్లీన్‌కి, పక్కన కూర్చుని వింటున్న ఐజెట్టాకి,

పోస్టుమాన్ నీ కవరు ఇస్తూ "జాగ్రత్త పెద్దాయనా, కాలుతోంది" అన్నాడు. వాడికి నీ చేతిరాత తెలుసు.

ఐజెట్టా, మోకాళ్ళకి కర్పూరం నూనె రాస్తున్నావా? ఇక్కడ మంచు కరిగింది. వాకిట్లో కాలర్డ్ ఆకుకూర వేశాను. నా కిటికీలోంచి నది ఎప్పటిలాగే కనపడుతోంది, ఒడ్డున పరుగెత్తే మనుషులే లేరు. ఈ కాలం బాక్సర్లు గదిలో రబ్బరు పట్టా మీద పరుగెత్తుతారట. ఎక్కడికీ పోకుండా ఆయాసపడటం ఏం సుఖమో.

వెర్లీన్, నన్ను దొరికినవాడు అన్నావు. నేను దొరకలేదు పిల్లా, నేనే వెళ్ళాను. విగ్రహం చేసే అమ్మాయి పిట్స్‌బర్గ్ నుంచి వచ్చింది. మట్టితో నమూనా చేసి చూపించింది. మొహం ఎమిల్‌దే. చేతులు మాత్రం రొట్టెలు పిసికేవాడివి. నేను నవ్వితే కోపం తెచ్చుకోకుండా "అయితే చూపించండి" అంది. తన చేతికే గుడ్డ పట్టీ కట్టి చూపించాను. బొటనవేలి చుట్టూ ఒకసారి, మణికట్టు మీద గట్టిగా, పిడికిలి ఎముకల మీద మెత్తగా. గ్లవ్స్ వద్దన్నాను. పట్టీలతోనే నిలబెట్టమన్నాను. మూడు నెలలు వెళ్ళివచ్చాను. ఆ కంచు చేతులు నేను కట్టినవే.

ఇంకో మాట. పీఠం మీద సాధన మనుషుల పేర్లు చెక్కుతున్నారు. మొదటి పేరు హోసియా మాబ్రీ. వాళ్ళు వెయ్యం అన్నారు. వేస్తేనే వస్తానన్నాను. బావ పేరు ఈ ఊళ్ళో రాయి మీద పడటం ఇదే మొదలు, సమాధి రాయి తప్పిస్తే. దీనికోసం ఒక తాడు లాగితే ఏం పోయింది?

నువ్వు కంపెనీని తిట్టు. అది నీ పని, చక్కగా చేస్తావు. ఎమిల్‌ని తిట్టకు. చివరి రెండేళ్ళు వాడికి వాడి పేరే గుర్తు లేదు. ఆదివారం ఆదివారం వెళ్ళి నేనే గడ్డం గీసేవాడిని. నా చెయ్యి చూసి "బెల్లు కొట్టారా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు, కూర్చో" అనేవాడిని.

ఐజెట్టా, నీ కుర్చీ మీద పేరు రాయించాను. నీలం టోపీయే పెట్టుకో. ఆ ఎర్రదానికి ఈక విరిగింది కదా.

దీవెనలతో,
థర్లో.

*

డెట్రాయిట్,
ఏప్రిల్ 26.

మావయ్యకి,

పీఠం మీద అని రాశావు, ఏ వైపో రాయలేదు. కమిటీకి ఫోన్ చేసి కనుక్కున్నాను. వెనకవైపట. నాన్న జీవితమంతా నిలబడిన చోటే నిలబెట్టారు. నువ్వు బేరమాడి సాధించింది అదీ.

నువ్వు పోనని చెప్పవు గనక నా దారిన నేను పోయాను. మా యూనియన్ వారపత్రికలో నేను రాసే పేజీ నీకు పంపుతున్నాను. బ్రేడన్ పేపరు వాళ్ళూ దాన్ని తిరిగి వేసుకున్నారు, ఈ పాటికి చూసే ఉంటావు. చూడకపోతే ఈ ముక్క చదువు:

'ఓటమి ఎరుగని అనే మాటకి అర్థం ఏమిటి? ఓడించగలవాడికి తలుపు తియ్యలేదని అర్థం. 1959 మార్చిలో బ్రేడన్ జిమ్‌లో తలుపులు మూసి జరిగిన సాధనలో హోసియా మాబ్రీ ఎడమ చేతి దెబ్బకి ఎమిల్ వార్గా నేల మీద కూర్చున్నాడు. లేవలేకపోయాడు. చూసినవాళ్ళలో ఒకరు ఇంకా బతికే ఉన్నారు. ఆ రోజు తర్వాత చాంపియన్ చెయ్యి విరిగిందని పేపర్లలో వచ్చింది. ఏడాదిన్నర పాటు ఆ చెయ్యి అతకలేదు. ఆ ఏడాదిన్నరా మా నాన్న తెల్లవారకముందే లేచి, మిల్లు బూట్లతోనే నది ఒడ్డున పరుగెత్తి, ఆ తర్వాత షిఫ్టుకి పోయాడు. ఇంట్లో మేమంతా బీన్స్ తిన్నాం. మాంసం ఆయన కంచంలో పడింది, ఎందుకంటే ఆయనకి పోటీ రాబోతోంది. 1960 చలికాలం ముందు వార్గా విరమణ ప్రకటించాడు. ఇచ్చిన మాటకి, ఎదురున్న మనిషికి భయపడి పారిపోయినవాణ్ణి మా భాషలో పిరికివాడు అంటారు. కంచులో పోసినంత మాత్రాన భాష మారదు.'

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే చెప్పు, సవరణ వేస్తాను. నేల మీద కూర్చున్న సంగతి నాకు చెప్పింది నువ్వే. నాన్నని పూడ్చిపెట్టిన రోజు, వంటింట్లో, చేతిలో గ్లాసుతో. నీ పేరు వెయ్యలేదు. ఆ మాత్రం మర్యాద నాకూ ఉంది.

నేను చెయ్యమనేది పెద్దదేమీ కాదు. పీఠం ముందున్న 'ఓటమి ఎరుగని' అనే మాట తీసేయమని నువ్వొక్కడివి అడుగు. చూసినవాడివి నువ్వు. నువ్వు అడిగితే కాదనలేరు.

అమ్మకి పేజీ చదివి వినిపించాను. విని, "మీ నాన్న బూట్లు బాగానే గుర్తుపెట్టుకున్నావే" అంది. మెచ్చుకుందనే అనుకుంటున్నాను.

వెర్లీన్.

*

బ్రేడన్,
మే 5.

వెర్లీన్,

చూశాను. నేనే కాదు, చదువు రానివాళ్ళు కూడా చూశారు.

పేరు వెయ్యలేదు, మర్యాద చేశానన్నావు. అమ్మా, ఆ రోజు జిమ్‌లో ఉన్నది ఐదుగురు. నలుగురు మట్టిలో ఉన్నారు. 'ఒకరు బతికే ఉన్నారు' అని రాసి పేరు దాచడం దేనికి? వేలు పెట్టి చూపించి కళ్ళు మూసుకున్నట్టు.

శనివారం మంగలి షాపుకి వెళ్ళాను. నేను అడుగు పెట్టగానే కత్తెర ఆగింది. లెమ్యుయెల్ కుర్చీలో ఉన్నాడు, మొహం నిండా సబ్బు నురగ. వాడు నాతో పాటు జిమ్‌లో పెరిగినవాడు, నీకు తెలుసు.

"రావయ్యా విలేఖరీ" అన్నాడు. "నేను పద్దెనిమిదో ఏట ఒక బక్క కుర్రాడి దెబ్బకి లాగు తడుపుకున్నాను. గుర్తుందా? పేజీలో చోటుంటే అది కూడా వేయించు."

"నేను వేయించలేదు" అన్నాను.

"నీ నోట్లోంచి రానిది నీ మేనకోడలి చెవిలోకి ఎట్లా పోయింది? గోడలు చెప్పాయా?"

మంగలి కత్తెర మళ్ళీ ఆడించాడు. నా వంతు వచ్చాక "ఇవాళ టైం లేదు థర్ల్" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా అతని దగ్గర తల వంచుతున్నాను.

నీకు ఇది ఊరి పంతంలా అనిపించవచ్చు. సాధనలో జరిగింది తలుపు దాటకూడదు అనేది జిమ్‌లో మొదటి రోజే చెబుతారు, పట్టీ కట్టడం నేర్పే ముందే. నీ లెక్కలో అది యజమాని పెట్టిన రూలు, కూలివాడి నోరు మూయడానికి. నువ్వు అట్లాగే అంటావని తెలుసు. కాదు. ఓడిపోవడానికి, పడటానికి, భయపడటానికి మాకు ఒక్క చోటు ఉండేది. ఆ నాలుగు గోడలు. అక్కడ పడ్డది బయటికి పోతుందంటే ఎవడూ కొత్తది ప్రయత్నించడు. ఎమిల్‌ని పడగొట్టిన సంగతి బావ నీకు చెప్పాడా? ఐజెట్టాకి చెప్పాడా? చెప్పుకుంటే ఊరంతా భుజం మీద మోసేది. చెప్పలేదు. పాతికేళ్ళు ఆ మనిషి మింగి ఉంచుకున్నదాన్ని నువ్వు కక్కించావు. నేను తాగి వాగాను, అది నా వంతు తప్పు. అచ్చు వేసింది నువ్వు.

అదీ పోనీ. నిన్న ఎమిల్ పెళ్ళాం వచ్చింది, లుడ్మిలా. ఎప్పటిలా వాల్‌నట్ రొట్టె చుట్ట చేసి తెచ్చింది. నా చేతికి ఇవ్వలేదు, మెట్టు మీద పెట్టింది. "నా మొగుడు హోసియాకి భయపడ్డాడా థర్లో? నువ్వు పక్కనే ఉన్నావు. నువ్వు చెప్పు" అంది. ఆవిడ కళ్ళలోకి చూసి లేదన్నాను. "అయితే ఆ పేపర్లో రాయి" అని వెళ్ళిపోయింది.

నువ్వు రాసినదాంట్లో ఒక అక్షరం అబద్ధమైతే చెప్పమన్నావు. చెబుతున్నాను. ఎమిల్ పిరికివాడు కాదు. ఆ ఒక్కటీ దిద్దు. మిగతాదంతా నీ ఇష్టం.

ఐజెట్టా, బస్సు టికెట్ పంపుతున్నాను. కిటికీ పక్క సీటు అడిగాను.

థర్లో.

*

డెట్రాయిట్,
మే 12.

మావయ్యా,

మంగలి షాపు గురించి బాధగానే ఉంది. నిజం. వెళ్ళి లెమ్యుయెల్‌తో నేను మాట్లాడతాను, సబ్బు నురగ ఉండగానే.

కానీ నీ వాదన నిలవదు. నాలుగు గోడల మధ్య ఓడిపోయే హక్కు ఎవరికి పనికొచ్చింది? వార్గా లోపల పడ్డాడు, బయట విగ్రహమయ్యాడు. నాన్న లోపల గెలిచాడు, బయట పీఠం వెనక పేరయ్యాడు. ఒకే తలుపు, ఒకే రూలు. కాపాడింది మాత్రం ఒక్కణ్ణే. మిల్లులో కూడా ఇట్లాంటి రూళ్ళు చాలా చూశాను. కొలిమి పగిలి మనిషి కాలిపోతే 'లోపలి సంగతి బయట చెప్పకండి, మన పరువు' అనేవాళ్ళు. అది ఎవరి పరువో పదేళ్ళకి గాని అర్థం కాలేదు మనకి.

నాన్న నోరు మూసుకున్నాడంటే దాన్ని గొప్ప గుణం చెయ్యకు. మాట్లాడిన సాధన మనిషికి మర్నాడు పనుండదు. అంతే.

ఇక పిరికితనం. దిద్దమన్నావు. దిద్దడానికి ఆధారం ఇవ్వాలి గదా. లుడ్మిలా కళ్ళలోకి చూసి లేదన్నావంటే నీకేదో తెలుసు. సరే, వార్గా భయపడలేదు అనుకుందాం. అంటే పోటీ ఇవ్వడానికి సిద్ధపడ్డాడనేగా? సిద్ధపడ్డ చాంపియన్, సిద్ధంగా ఉన్న మా నాన్న, ఇచ్చిన మాట. ఈ మూడూ ఉండగా పోటీ ఎందుకు జరగలేదు? ఎవరో వద్దని ఉండాలి. ఎవరు? మేనేజరా? అతను చచ్చిపోయాడు, అతన్ని కాపాడాల్సిన పని లేదు. పందేలు కాసేవాళ్ళా? పోటీలకి అనుమతిచ్చే బాక్సింగ్ కమిషనా? నల్లవాడి చేతిలోకి చాంపియన్ బెల్టు పోకూడదని పైనుంచి ఎవరైనా చెప్పారా?

పేరు చెప్పు. వచ్చే వారం మొదటి పేజీలో వేస్తాను. వార్గాకి క్షమాపణ కూడా అక్కడే చెబుతాను, నా పేరుతో, పెద్ద అక్షరాల్లో. విగ్రహం దగ్గరికి అమ్మని నేనే స్వయంగా తీసుకొస్తాను. ఇంతకంటే న్యాయం ఎవరూ చెయ్యలేరు.

చెప్పకపోతే కంపెనీ నీ నోట్లో ఏదో పెట్టిందనే అనుకుంటాను. అనుకోవడం ఇష్టం లేదు. అయినా అనుకుంటాను.

అమ్మ టోపీకి కొత్త రిబ్బన్ కుట్టించుకుంది.

వెర్లీన్.

*

బ్రేడన్,
మే 20.

వెర్లీన్,

నా నోట్లో ఎవరూ ఏమీ పెట్టలేదు. పెట్టే చోటు లేదు, అరవై రెండేళ్ళుగా మూసే ఉంది.

అడిగావు గనక చెబుతున్నాను.

బావ దెబ్బ మంచి దెబ్బే. కానీ ఎమిల్ దానివల్ల పడలేదు. నువ్వు అక్కడ లేవు, నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. ఆ దెబ్బ రావడం వాడికి కనపడింది, తప్పుకోమని కాలికి చెప్పాడు, కాలు వినలేదు. అప్పటికి నెలకి పైగా వాడి బూటు లేసులు నేనే కడుతున్నాను. వేళ్ళు మొద్దుబారాయి అనేవాడు. పట్టీ కట్టేటప్పుడు చెయ్యి నా చేతిలో సన్నగా వణికేది, చలికి వణికే పిట్టలాగా. మేనేజరుకి తెలియదు. ట్రైనరుకి తెలిసినా తెలియనట్టు ఉన్నాడు. చేతులు పట్టుకునేవాణ్ణి నేను. నాకు తెలుసు.

ఆ సాయంత్రం బల్ల మీద కూర్చోబెట్టి పట్టీలు కత్తిరిస్తుంటే ఎమిల్ అన్నాడు: "హోసియా వంతు వచ్చింది థర్ల్. మాటిచ్చాను. వాడితో ఆడి దిగిపోతాను. ఓడితే ఓడతాను, వాడి చేతిలోనే గదా."

ఇదీ నీ పిరికివాడు చెప్పింది.

నేను వద్దన్నాను. "ఇంకొక్కసారి రింగులో దిగావంటే నేను నీ చేతులు కట్టను, కార్నర్‌లో ఉండను. ఎందుకు లేనో కమిషన్ వాళ్ళకి నేనే చెబుతాను" అన్నాను. కొట్టడానికి చెయ్యెత్తాడు. ఆ చేతికి సగం పట్టీ వేలాడుతోంది. తర్వాత ఏడ్చాడు. తర్వాత సరేనన్నాడు.

మేనేజరు బెల్టు వదలనన్నాడు. చాంపియన్ పేరు మీద బీరు కంపెనీ ప్రకటనలు నడుస్తున్నాయి. అందుకే విరిగిన చెయ్యి కథ, అందుకే ఏడాదిన్నర. అది నా ఆలోచన కాదు. కానీ వాడు ఇక ఆడడని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు.

ఇప్పుడు నువ్వు అడుగుతావు. బావకి ఎందుకు చెప్పలేదని. కార్నర్‌లో నిలబడ్డవాడికి ఒక్కడే మనిషి ఉంటాడు వెర్లీన్. ఎదురు కార్నర్‌లో వాడి కన్నతండ్రి ఉన్నా సరే. తన మనిషి ఒంట్లో ఏం చెడిందో వాడు బయట చెప్పడు. డాక్టరు చెబుతాడా? పాస్టరు చెబుతాడా? బావకి చెబితే జిమ్‌కి తెలిసేది, జిమ్‌కి తెలిస్తే ఊరికి, ఎమిల్‌ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. ఇంకోటి కూడా ఆలోచించు. ఆ పోటీ జరిగితే బావ గెలిచేవాడు, సందేహం లేదు. ఎమిల్ రింగులో చచ్చిపోయేవాడు, అదీ సందేహం లేదు. మనిషిని చంపి చాంపియన్ అయినవాడిగా మీ నాన్న బతకగలిగేవాడా? తెల్లవాడిని చంపిన నల్లవాడిగా, ఈ ఊళ్ళో, ఆ రోజుల్లో?

మళ్ళీ ఆ సాయంత్రం వస్తే మళ్ళీ అదే చెబుతాను. ఎమిల్ ఇరవై ఐదేళ్ళు బతికాడు. పిల్లల్ని పెంచాడు. 'ఓటమి ఎరుగని' అనే మాట వాడిది కాదు, నాది అనుకో. దాన్ని తీసేయమని నన్నే అడగమన్నావు.

పేరు అడిగావు. ఇదిగో, థర్లో పెట్‌వే. మొదటి పేజీలో వేసుకో. లుడ్మిలాకి మాత్రం క్షమాపణ చెప్పు.

ఇది మీ అమ్మకి చదవకు.

థర్లో.

*

డెట్రాయిట్,
మే 28.

మావయ్యా,

'అమ్మకి చదవకు' అని చివర రాశావు. మొదట రాయాల్సింది.

ఎప్పటిలాగే కాఫీ ముందు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాం. 'నా నోట్లో ఎవరూ ఏమీ పెట్టలేదు' దగ్గర ఇద్దరం నవ్వాం. లేసుల దగ్గరికి వచ్చేసరికి నాకు అనుమానం వచ్చింది. ఆపేశాను. "ఆగావేం?" అంది. దగ్గు వచ్చిందన్నాను. "దగ్గావు గదా, ఇక చదువు" అంది. చదివాను. ఒక్క మాట వదలకుండా. అమ్మ ముందు అబద్ధం చదవడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

ముందు నా బాకీ. ఎమిల్ వార్గా పిరికివాడు కాదు. ఆ మాట ఈ వారం పత్రికలో దిద్దాను, లుడ్మిలాకి విడిగా రాశాను. నీ పేరు వెయ్యలేదు. వెయ్యను. నా జీవితంలో తెలిసిన నిజాన్ని చేతిలో పెట్టుకుని అచ్చు వెయ్యకపోవడం ఇదే మొదలు.

ఇప్పుడు నీ సంగతి. పోటీ ఆపినందుకు నిన్ను ఏమీ అనను. చచ్చిపోయేవాణ్ణి ఆపావు. అది చెయ్యవలసిన పనే. నాన్న చేతికి నెత్తురు అంటకుండా కాపాడానన్నది మాత్రం తర్వాత నెమ్మదిగా కూర్చుని ఆలోచించి పెట్టుకున్న మాట. ఆ సాయంత్రం నీ మనసులో నాన్న లేడు. ఉంటే ఆ రాత్రే వచ్చి "బావా, ఆశ పెట్టుకోకు. ఎందుకని అడగకు" అనేవాడివి. ఎమిల్ ఒంటి సంగతి ఒక్క ముక్క చెప్పనక్కర్లేదు. ఐదారు మాటలు. ఆ మాటలు చెప్పొద్దని ఏ జిమ్ రూలూ లేదు. ఆయనకి అప్పుడు ముప్ఫై ఆరు. చికాగోలో ఇంకో మేనేజరు పిలిచాడు, గుర్తుందా? నాన్న పోలేదు. 'నాకు ఇక్కడ మాట ఉంది' అన్నాడు. ఆ ఏడాదిన్నరే ఆయన దగ్గర మిగిలిన కాలం. అది ఎవరి జేబులోకి పోయింది?

కార్నర్ మనిషికి ఒక్కడే మనిషి అన్నావు. సాధన రోజున నాన్న చేతులకి పట్టీ కట్టింది ఎవరు మావయ్యా? నువ్వే. అదే బల్ల మీద, అదే గుడ్డతో. ఒక్కడే మనిషైతే రెండో జత చేతులు ఎవరివి?

నేనేమో ఇన్నాళ్ళూ కంపెనీని వెతికాను, కమిషన్‌ని వెతికాను, పందెంరాయుళ్ళని వెతికాను. మా ఇంట్లో బీన్స్ తింటూ, నాన్న కంచంలో మాంసం ముక్క చూస్తూ, "బాగా తిను బావా" అన్నవాణ్ణి వెతకలేదు. నాకు తెలిసిన రాజకీయం దీనికి పనికిరావడం లేదు.

ఆ రోజు చదవడం అయ్యాక అమ్మ లేచింది. టోపీ పెట్టెలో పెట్టి, పెట్టె మంచం కిందికి తోసింది. బస్సు టికెట్ దీనితో పంపిస్తున్నాను. మూడో రోజు కాలర్డ్ ఆకు కోస్తూ తల ఎత్తకుండా అంది: "మీ మావయ్యని ఒక్కటి అడుగు. పొద్దున హోసియా పరుగెత్తుకుంటూ వాడి ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు, వాడి కిటికీ తెర వేసి ఉండేదా, తీసి ఉండేదా?"

ఎందుకని అడిగాను. "నువ్వు అడుగు" అంది.

అడుగుతున్నాను.

వెర్లీన్.

*

బ్రేడన్,
జూన్ 17.

ఐజెట్టాకి,

వెర్లీన్ చదువుతుంది గాని ఇది నీకు.

ఆలస్యమైంది. కలం పట్టుకుని చాలాసార్లు కూర్చున్నాను.

శనివారం విగ్రహం ముసుగు తీశారు. ఎండ బాగా కాసింది. మేయరు మాట్లాడాడు, కంపెనీవాడు ఇంకా ఎక్కువసేపు మాట్లాడాడు. నీ కుర్చీలో ఎవరో కూర్చోబోతే వద్దన్నాను. మళ్ళీ ఇంకొకరు వచ్చారు. చివరికి నా టోపీ పెట్టాను. లెమ్యుయెల్ వెనక వరసలో నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. లుడ్మిలా నా చెయ్యి పట్టుకుని "ఆ పిల్ల దిద్దింది, దేవుడు చల్లగా చూడాలి" అంది. దిద్దింది అన్న మాట ఒక్కటే ఆవిడకి తెలుసు.

నా పేరు పిలిచారు. తాడు నేను లాగలేదు. ఎమిల్ మనవరాలి చేతికి ఇచ్చాను. దాన్ని పెద్ద విషయం చెయ్యొద్దని వెర్లీన్‌కి చెప్పు. భుజం లేవలేదు, అంతే. బొమ్మ బాగుంది. చేతులు నిజంగా బాగున్నాయి. జనం పోయాక వెనక్కి వెళ్ళి బావ పేరు చూశాను. అక్షరాలు చిన్నవి. నీడ పడుతుంది అక్కడ, మధ్యాహ్నం నుంచి.

చికాగో సంగతి గుర్తుంది. వెర్లీన్ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు రాయబోయి రెండు కాగితాలు చించాను.

నువ్వు అడిగినదానికి ఉంది. తెర వేసి ఉండేది కాదు. వేద్దామని చాలాసార్లు అనుకున్నాను. వేస్తే ఏదో ఉందని బావ పసిగడతాడనుకున్నాను. రోజూ కిటికీ దగ్గర కాఫీతో నిలబడేవాడిని. మలుపు తిరిగి రాగానే చెయ్యి ఊపేవాడిని. అతనూ ఊపేవాడు.

నీ తమ్ముడు,
థర్లో.

*

డెట్రాయిట్,
జూన్ 24.

మావయ్యకి,

అమ్మకి చదివాను. రెండుసార్లు చదవమంది. తర్వాత ఇది రాయమంది. నా మాట ఒక్కటి కూడా కలపవద్దంది, కలపడం లేదు.

"తెర తీసే ఉండేదని నాకు తెలుసు థర్ల్. నువ్వు నిజం చెబుతావో లేదో చూద్దామని అడిగాను. చెప్పావు. కోడిగుడ్లు వేయిస్తుంటే హోసియా చెమటతో లోపలికి వచ్చేవాడు. ఆ ఏడాదిన్నరా నేను రోజూ ఒకటే అడిగేదాన్ని, ఏమైనా తెలిసిందా అని. బూట్లు విప్పుకుంటూ చెప్పేవాడు: 'థర్ల్ ఇవాళ కూడా చెయ్యి ఊపాడు ఐజెట్టా. చెడు కబురైతే వాడు నా మొహం చూడలేడు. పోటీ ఇంకా ఉంది.'"

వెర్లీన్.